అద్దం కింద కాగితం

నా పదవీ విరమణ సభలో ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతూ, "నరసింహులు గారు ఎంతోమంది పిల్లలకు సీట్లు ఇప్పించారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కరికి కూడా సీటు ఇప్పించలేదు. ఆ మాట అక్కడే చెబుదామనుకున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి మైకు అద్దెకు తెచ్చినతను వైరు చుట్టేస్తున్నాడు. రెండు నిమిషాలు ఆగమంటే, "ఇంగో ఫంక్షనుకు పోవల్ల సార్, చప్పట్లు కొట్టేసినారు గదా" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు విని కూడా విననట్టు అరటిపండు ఒలుచుకున్నారు.

అక్కడ చెప్పనివ్వని మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఈ ఎండాకాలం మొదటిసారి కౌన్సెలింగ్ కిటికీ వెనక కూర్చోబోయే కుర్ర గుమాస్తాల కోసం ఇది.

నా సొంతూరు రాజంపేట. కర్నూలులోనూ కడపలోనూ పాలిటెక్నిక్ కాలేజీల ఆఫీసుల్లో పనిచేశాను. ఏడాదిలో పది నెలలు చేసిన గుమాస్తా పని ఎక్కడైనా ఒకటే, దాని గురించి రాయను. ఎంట్రెన్స్ ర్యాంకులు వచ్చాక మా కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్ అయ్యేది. పిల్లల సర్టిఫికెట్లు చూసి, ఎవరు లోకలో ఎవరు నాన్‌లోకలో తేల్చి కంప్యూటర్లోకి ఎక్కించే కిటికీ నాది. సీటు ఇచ్చేది కంప్యూటరు. ఏ వరుసలో నిలబడాలో చెప్పేవాణ్ణి నేను. తప్పు వరుస చెబితే ఎంత మంచి ర్యాంకైనా బూడిదే. చేసినంత కాలం నా ఉద్యోగం ఇదే.

బెంచీ ఎక్కడో అదే ఊరు

లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు. ఇల్లున్న ఊరు కాదు. పొలమున్న ఊరు అసలే కాదు. చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఏ ప్రాంతంలో బెంచీ మీద కూర్చున్నాడో ఆ ప్రాంతమే పిల్లవాడిది. మన రాయలసీమ, నెల్లూరు కలిపి ఒక ప్రాంతం. ఇక్కడి కాలేజీల్లో నూటికి ఎనభై ఐదు సీట్లు ఈ ప్రాంతం పిల్లలకే. మిగిలిన పదిహేనుకు అందరూ పోటీ పడతారు. నేను పనిచేసిన కాలంలో లెక్క ఇది. ఇప్పుడేమైనా మారి ఉంటే నా మాట నమ్మకండి, ఈ ఏడాది ఉత్తర్వు చూడండి.

కడపలో ఒక బండల వ్యాపారి వచ్చాడు. కొడుకును తొమ్మిదో తరగతిలోనే విజయవాడ హాస్టల్లో వేశాడు. ఆ లెక్కన పిల్లవాడు కోస్తా వాళ్లకు లోకల్, మనకు కాదు. ఆయన సంచిలోంచి ఇంటి పన్ను రసీదు తీశాడు, తాత పేరున్న పట్టా తీశాడు, ఆఖరికి దర్గా ఉరుసులో వాళ్ల నాయన నిలబడి ఉన్న ఫోటో కూడా తీశాడు.

"సార్, కడప బండ యాడికి పోయినా కడప బండే గదా? నా కొడుకు బెజవాడకు పోతే బెజవాడోడు అయిపోతాడా?"

"బండను స్టడీ సర్టిఫికెట్ అడగరన్నా" అన్నాను. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి, అంతలోనే కళ్లు తుడుచుకున్నాడు. మంచి చదువని అప్పుచేసి పంపితే, ఆ చదువే కొడుకును పరాయివాణ్ణి చేసింది.

అలాగని ఈ నిబంధనను నేను తిట్టను. తిట్టేవాళ్లు ఎవరూ వానలేని ఏడాది పత్తికొండ వైపు బడి చూసినవాళ్లు కారు. లెక్కల అయ్యవారి ఖాళీ మూడేళ్లయినా నిండని బడిలో చదివిన పిల్లకు, ఏసీ గదిలో ఉదయం ఐదింటి నుంచి తోమించుకున్న పిల్లకు ఒకే గీత పెడితే అది న్యాయం కాదు. ఒకే ర్యాంకుకు ఒకరికి సీటు వచ్చి ఒకరికి రాకపోవడం కొన్నిచోట్ల న్యాయమే. కానీ గీత గీసినవాళ్లు మధ్యలో కూర్చుని గీస్తారు. అంచున ఉన్నవాళ్లు వాళ్లకు కనపడరు. నాకూ కనపడలేదు.

ఆలూరు వాళ్ల టౌను

పది పన్నెండేళ్ల కిందట నేను కర్నూలులో ఉన్నాను. ఒక గురువారం కిటికీ దగ్గరికి తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన పేరు హుసేనప్ప. ఆలూరు అవతల సరిహద్దు పల్లెలో ఐదెకరాల మెట్ట చేను. కూతురు మాబున్ని. అమ్మాయికి బి.ఫార్మసీ కావాలి. ఫైలు తెరిస్తే ఎనిమిదో తరగతి నుంచి అన్నీ కర్ణాటక సర్టిఫికెట్లు.

"ఆలూరు వాళ్లయితే కన్నడ ముద్రలెందుకున్నాయి?"

"బళ్లారిలో సదివింది సార్. ఊర్లో ఏడు వరకే ఉండాది. మాకు టౌనంటే బళ్లారే గదా."

నేను రాజంపేటవాణ్ణి. మాకు టౌనంటే కడప, ఇంకా దూరమంటే తిరుపతి. పక్క రాష్ట్రం బస్సు ఊరి ముందు ఆగుతుందని, గంటలో బళ్లారికి చేరుస్తుందని, కర్నూలుకు మాత్రం సగం పొద్దు పడుతుందని నాకు తెలియదు. బట్టలకూ బళ్లారే, ఆసుపత్రికీ బళ్లారే, పిల్లల చదువుకూ బళ్లారే. ఇవేవీ తెలియక, రెండు రాష్ట్రాల్లోనూ సీటు కోసం ఏదో ఎత్తు వేస్తున్నారనుకున్నాను.

"కర్ణాటకలో చదివితే అక్కడే అడుక్కోండి."

"అడిగితిమి సార్. ఆడ ఏడేండ్లు సదివుండల్లంట. మా పాపకు ఐదేండ్లే. మీది ఆంధ్రా, ఆడికే పోండి అనిరి."

"ఇక్కడా లేదు. ఆఖరి నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదవలేదు. లోకల్ కాదు."

"లోకల్ కాకపోతే?"

"కాకపోతే కాదు, అంతే."

నా టేబుల్ మీద అద్దం, అద్దం కింద ఆ ఏడాది సూచనల కాగితం. సీజన్ మొదలైన రోజే పెట్టుకున్నాను. మాటిమాటికీ వెతుక్కోనక్కర లేకుండా, నలగకుండా ఉంటుందని. సెంటర్లో అందరికంటే పద్ధతిగా ఉండేది నా టేబులే. అద్దం మీద వేలు పెట్టి నాలుగేళ్ల నిబంధన చూపించాను. ఆ పిల్ల వంగి చదివింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"సార్, దీనికి వెనక పక్క కూడా రాసుండాదేమో. మసక మసకగా కనపడతాంది."

పదిహేడేళ్ల పిల్ల. నా వెనక ఇద్దరు జూనియర్లు ఉన్నారు. వాళ్లలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. వాడెవడో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఇన్నేళ్ల సర్వీసు నాది. నాకు నువ్వు నేర్పిస్తావా?" అన్నాను.

"ఊరుకోమ్మే, సారుకు తెలీదా" అని హుసేనప్ప కూతురి చెయ్యి వెనక్కి లాగాడు. ఫైలు సర్దుకుని, పోబోతూ ఆగాడు. "ఇంగ యాడన్నా అడగొచ్చునా సార్?"

"ఎక్కడా లేదు. తర్వాతెవరు?"

ఆయన నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు.

గుర్రప్ప సార్

మా సెంటర్ ఇన్‌చార్జి గుర్రప్ప సార్. కడప జిల్లా మనిషి, కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన మీద నాకు అంతకుముందే మూడు ఫిర్యాదులున్నాయి. నా కుర్చీ మార్చాడు, నా సెలవు కోశాడు, ఒకసారి నేను మాట్లాడుతుంటే టీ తెప్పించుకున్నాడు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. సీటు వచ్చినవాళ్ల జాబితా చూసేవాడు కాదు. తిప్పి పంపినవాళ్ల జాబితా తెప్పించుకుని రోజూ పొద్దున ఒక్కొక్క పేరూ చదివేవాడు.

శుక్రవారం పొద్దున జాబితా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా నరసింహులూ, ఈ ఆలూరు పాపనెందుకు పంపిచ్చినావు?"

"నాలుగేళ్లు లేవు సార్. లోకల్ కాదు."

"లోకల్ కాదు, సరే. నాన్‌లోకల్‌కు కూడా కాదా?"

"బయటి రాష్ట్రం చదువు సార్, అర్హత లేదు" అని అద్దం మీద వేలు పెట్టాను.

ఆయన పక్క టేబుల్ మీది ఇనుప స్కేలు తీసుకుని అద్దం ఒక మూల పైకి లేపాడు. కాగితం అద్దానికి అంటుకుపోయి ఉంది. మెల్లగా ఊడదీసి, తిప్పి నా చేతిలో పెట్టాడు.

"చదువు. అందరికీ వినపడేటట్టు చదువు."

చదివాను. రాష్ట్రం బయట చదివినా, తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు తహశీల్దారు రాసిస్తే ఆ పిల్ల నాన్‌లోకల్‌గా ఆ నూటికి పదిహేను సీట్లకు పోటీ పడొచ్చు. హుసేనప్ప పుట్టిందీ పెరిగిందీ ఆ ఐదెకరాల పక్కనే. సీజన్ మొదలైనప్పటి నుంచి ఆ మాట నా మోచేతి కిందే బోర్లా పడుకుని ఉంది.

"నీకు కాయితంలో సగమే తెల్సు. తెలీని సగం ఆ పాప నెత్తిన పడె" అన్నాడు. కిటికీ బయట ముప్పై మంది తల్లిదండ్రులు. "లేదని చెప్పు, ఎవరొద్దన్నారు? మన పనే అది. చెప్పినాక యాడ ఉందో గూడా చెప్పల్ల. తెలీకపోతే నా కాడికి పంపల్ల. 'ఎక్కడా లేదు' అనేదానికి నువ్వెవరయ్యా?"

ఆ రోజు తర్వాత ఆ మాటలు నన్ను చాలా ఏళ్లు కాల్చాయి. తప్పు పట్టినందుకు కాదు, ముప్పై మంది ముందర పట్టినందుకు.

ఆ పిల్ల ర్యాంకు వరకు సర్టిఫికెట్లు చూసే గడువు శనివారం సాయంత్రం ఐదుకు ముగుస్తుంది. దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరుకు చేశాను. ఎత్తింది ఊర్లో అంగడాయన. "హుసేనప్ప చేనికి పోయినాడు సార్. సోమవారం పాపను బళ్లారికి తోలకపోతాడు. జీన్సు కుట్టే షెడ్డులో పనికి మాట్లాడినారు. సీటు ల్యాదనిరంట గదా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి గుర్రప్ప సార్ వైపు చూశాను. "పో" అన్నాడు. ఎలా పోవాలో, ఎవరితో పోవాలో చెప్పలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను.

శుక్రవారం, శనివారం

నేను పోయేసరికి హుసేనప్ప కళ్లంలో గొర్రుకు తాళ్లు కడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మాబున్ని ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చెప్పవలసింది ఒక్క మాట. తప్పు నాది అని. అది నోటికి రాలేదు.

"నిబంధన మారింది హుసేనప్పా. ఈ రోజే కొత్త కాగితం వచ్చింది. పాపకు అవకాశం ఉంది" అన్నాను.

సర్వీసులో నేను కావాలని ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని రికార్డులో ఎక్కడా రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

హుసేనప్ప సంతోషపడలేదు. తాడు చేతిలో అలాగే ఉంది. "జీన్సు షెడ్డాయప్పకు మాటిచ్చినాము సార్. ఈ పొద్దు వద్దని చెప్పి, రేపు మళ్లా మీరు ల్యాదంటే ఆ పని గూడా పోతాది. మాకు రెండుతట్లా ల్యాకుండా అయితాది."

"నిన్న ల్యాదంటిరి, ఈ పొద్దు ఉందంటాండారు" అంది ఆ పిల్ల. "రేపు ఏమంటారు సార్?"

జేబులోంచి కాగితం తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. గుమ్మంలో కూర్చుని చదివింది. ముందు పక్క చదివింది, వెనక పక్క చదివింది, అడుగున అచ్చు వేసినవాళ్ల వివరాల దాకా చదివింది. నా వైపు ఒకసారి చూసింది. కాగితం మడిచి నాకు తిరిగి ఇచ్చి, తండ్రితో అంది.

"పోదాం నాయినా. సోమవారం దాకా షెడ్డాయప్పకు ఏం చెప్పాకు."

ఆ సాయంత్రం తహశీల్దారు క్యాంపులో ఉన్నాడు. నేను ఆలూరులో ఒక గదిలో పడుకున్నాను. శనివారం ఆఫీసు తెరవకముందే ముగ్గురం వరండాలో ఉన్నాం. హుసేనప్ప గ్రామ రెవెన్యూ అధికారి దస్కత్తు కోసం పరిగెత్తాడు. లోపల సీనియర్ అసిస్టెంటు ఐదు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టాడు. చూస్తే మామూలు నివాస ధ్రువపత్రం. ఇప్పుడు ఈ ఊర్లో ఉన్నారు అని ఉంది. పదేళ్ల మాట లేదు.

"ఇది పనికిరాదు. మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు రాయాలి."

"మా కంప్యూటర్లో అట్లాంటిది ల్యాదు. అందరికీ ఇదే ఇస్తాండాము."

"లేకపోతే చేత్తో రాయండి."

ఆయన కళ్లద్దాల మీది నుంచి చూశాడు. "మీది యా ఊరు సార్?"

"రాజంపేట."

"రాజంపేటాయప్పకు ఆలూరు పాప ఏమైతాది?"

అది అవమానమే. మామూలుగా అయితే ఆయన పేరు, హోదా రాసుకుని వచ్చేసేవాణ్ణి. కానీ అద్దం కింద కాగితం చూసి తెలిసినంత మట్టుకే చెప్పి, మిగిలింది లేదనే మనిషిని నేను మొన్ననే చూశాను. అతను నా కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఏమీ కాదు" అన్నాను. "నేను ఇంతవరకు ఎనిమిది అర్జీలు పెట్టాను. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు. మీరు రాయకపోతే తొమ్మిదోది ఇక్కడే కూర్చుని రాస్తాను. ఒక తెల్లకాగితం మీరే ఇవ్వండి."

కాగితం ఇచ్చాడు. నేను నిజంగానే రాయడం మొదలుపెట్టాను. మూడో వాక్యంలో ఉండగా తహశీల్దారు వచ్చి నా భుజం మీది నుంచి చదివాడు. అసిస్టెంటుతో అన్నాడు: "ఈయప్పతో మనకు వద్దప్పా. ఆయప్ప చెప్పినట్టే రాసియ్యి, దస్కత్తు పెడతా."

పదకొండున్నర బస్సు దొరికింది. ఎమ్మిగనూరు దగ్గర టైరు పంక్చరైంది. ఆ ముప్పావు గంట హుసేనప్ప రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ధ్రువపత్రం ఉన్న కవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎండకు రంగు వెలుస్తుందేమో అన్నట్టు తువ్వాలు కప్పాడు. మాబున్ని మాత్రం బస్సు క్లీనరును తొందరపెడుతూనే ఉంది. "అన్నా, ఆ నట్టు బిగించినావు, ఇది బిగించలేదు."

కర్నూలు సెంటర్లో అడుగుపెట్టేసరికి నాలుగూ నలభై. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, నాది తప్ప. నా కుర్చీలో గుర్రప్ప సార్ కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద అద్దం లేదు. తీయించేశాడు.

కాగితాలు చూసి తనే ఎక్కించాడు. నాన్‌లోకల్, అర్హత ఉంది. రసీదు ముద్రవేసి ఇస్తుంటే హుసేనప్ప చేతులు జోడించాడు.

"నిబంధన మార్చినారంట గదా సార్. మా పాప అదృష్టం."

గుర్రప్ప సార్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఆ, మారింది" అన్నాడు. "తిన్న్యారా మీరు? తినలే? ముందు క్యాంటీనుకు పోండి."

నా పరువు ఆయన కాపాడాడు. అదే నాకు మరీ కష్టమైంది. ముప్పై మంది ముందర తిట్టిన మనిషిని ద్వేషించడం తేలిక. అదే మనిషి మర్నాడు నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుంటే ఏం చేయాలి? నాకు తెలిసింది ఒకటే. సోమవారం ఆయన మీద మూడు పేజీల అర్జీ రాశాను, అందరి ముందు అవమానించాడని. నిబంధన ప్రకారం పై ఆఫీసుకు ఏ అర్జీ అయినా ఇన్‌చార్జి ద్వారానే పోవాలి. ఆయన కూర్చుని మూడు పేజీలూ చదివాడు. ఒక తేదీ తప్పు వేశాను, దిద్దాడు. "పైకి పంపడమైనది" అని సంతకం పెట్టి అదే రోజు పంపాడు. దానికి జవాబు రాలేదు. ఆయన రిటైరై వెళ్లేదాకా నాతో మామూలుగానే మాట్లాడాడు. సారీ చెప్పమని అడిగి ఉంటే చెప్పకపోయేవాణ్ణేమో. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేడు.

మాబున్నికి సీటు వచ్చింది, చివరి విడతలో. మా రాజంపేట వైపు ఒక ప్రైవేటు కాలేజీలో, ఊరికి ఒక రోజు ప్రయాణం. అదే ర్యాంకున్న లోకల్ పిల్లకు మొదటి విడతలోనే కర్నూలులో సీటు పడింది. ప్రతి రాత్రీ ఈ పక్క పడుకుని, ప్రతి పగలూ ఆ పక్క చదువుకున్న పిల్లను రెండు రాష్ట్రాలూ మాది కాదన్నాయి. సరిహద్దు పల్లెల పిల్లల ఇంటిని లెక్కలోకి తీసుకోమని ఆ తర్వాత ఆరు అర్జీలు పెట్టాను. జవాబు లేదు. సూచనల కాగితాన్ని ఒక పక్కే అచ్చువేసి, రెండు కాగితాలుగా ఇవ్వమని నాలుగు అర్జీలు పెట్టాను. కొన్నేళ్లకు అలాగే వచ్చింది. అది నా అర్జీ వల్లే అని ఎవరూ అనలేదు. మీరైనా గుర్తు పెట్టుకోండి.

చీటీ

పోయిన ఏడాది పాత మిత్రుడొకరి గృహప్రవేశానికి ఆలూరు వెళ్లాను. బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయాను. బస్టాండు ఎదురుగా ఒక మందుల షాపు. కౌంటర్ వెనక ముప్పై ఏళ్ల లోపు ఆవిడ.

"మీరు కర్నూలు సారు గదా" అంది. "కిటికీ సారు. బాగుండారా?"

నా గుండె నిండింది. ఏళ్ల తరబడి అంతమందిని చూశాను, నన్ను గుర్తుపట్టి పలకరించినవాళ్లు వేళ్ల మీద లెక్క. స్టూలు వేసింది, టీ తెప్పించింది. వాళ్ల నాయన హుసేనప్ప ఇప్పటికీ సేద్యం మానలేదని చెప్పింది. టీ తాగి మాత్ర పేరు చెప్పాను.

"చీటీ ఉందా సార్?"

"మరిచిపోయానమ్మా. రోజూ వేసుకునేదే."

"చీటీ ల్యాకుండా ఇయ్యను సార్."

"నన్ను నువ్వు ఎరుగుదువు కదా."

"మిమ్మల్ని ఎరుగుదును. మీ బీపీ ఈ పొద్దు ఎంతుండాదో ఎరగను గదా." నవ్వలేదు. చెయ్యి చాపి చూపించింది. "ఆ పచ్చ గోడ సర్కారాసుపత్రి. రెండో గదిలో డాక్టరమ్మ ఉంటాది, పన్నెండు వరకే. లైన్లో నిలబడాకండి, అరవై దాటినోళ్లకు వేరే కిటికీ ఉండాది. ఆయమ్మ ల్యాకపోతే ఈడికే రాండి, ఆదోని డాక్టరుకు ఫోన్ చేసిస్తా."

నాకు కోపం వచ్చింది. రాయలసీమలో ఏ షాపులోనూ ఆ మాత్రకు చీటీ అడగరు. గొణుక్కుంటూనే పోయాను. వేరే కిటికీ నిజంగానే ఉంది. డాక్టరమ్మ బీపీ చూసి, పాత మోతాదు చాలడం లేదని మార్చి రాసింది.

తిరిగి వచ్చి చీటీ కౌంటర్ మీద పెట్టాను. పెట్టిన చెయ్యి తీయలేదు.

"అమ్మా, ఆ రోజు నిబంధన ఏమీ మారలేదు."

"తెల్సు సార్. ఆ కాయితం అడుగున తేదీ ఉన్న్యాది, రెండు నెలల ముందరిది." నా చేతి కింది నుంచి చీటీ మెల్లగా లాక్కుంది. "మా నాయినకు చెప్పలేదు. మా పాప కోసం సర్కారే నిబంధన మార్చిందని ఊరంతా చెప్పుకుంటాడు ఇప్పుటికీ. చెప్పుకోనీలే."

చీటీ చదివింది. తర్వాత తిప్పి వెనక పక్క కూడా చూసింది. వెనక ఏమీ లేదు. అప్పుడు లేచి మందు తీసింది.